రోలర్ల మిషన్‌తో గోపన్‌పల్లి దాకా

నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే మా పక్కింటి టీచరమ్మ రాసింది. మధ్యమధ్యలో నవ్వొచ్చి పెన్ను కింద పెట్టింది. ఆ చోట్ల మాటలేమైనా జారిపోతే అడగాల్సింది ఆమెను, నన్ను కాదు.

హైదరాబాదు మీరూ పోయే ఉంటారు. చార్మినార్ చూసి, గాజులు కొని వచ్చి ఉంటారు. నేను పోయింది అటు కాదు. సాఫ్ట్‌వేర్ వాళ్లుండే పడమటి దిక్కుకు. అదీ బట్టలుతికే మిషన్‌ను వెంటబెట్టుకుని. అదీ సకల జనుల సమ్మె జోరు మీదున్నప్పుడు.

మాది జనగామ. ఖాజీపేటలో ఏదో పాత బంగళా సామాను వేలం వేస్తుంటే మా ఆయన పోయి ఈ మిషన్ కొనుక్కొచ్చాడు. ఇప్పటి మిషన్ల లాంటిది కాదు. దీనికి కరెంటుతో పనిలేదు. మూడు కాళ్ల మీద గుండ్రటి రాగి తొట్టి, లోపల తెడ్డు, బయట ఆ తెడ్డును ఊపే కర్ర. తొట్టి అంచున ఒకదాని మీద ఒకటి రెండు రబ్బరు రోలర్లు, వాటిని తిప్పే పిడి. ఉతికిన బట్టను రోలర్ల మధ్య పెట్టి తిప్పితే నీళ్లన్నీ పిండేసి అప్పడంలా అవతల పడేస్తుంది. మా ఆయన పోయాడు, మిషన్ మిగిలింది. ఇద్దరిలో పనిచేసేది అదే కాబట్టి నా పొయ్యి ఆరిపోలేదు.

ఆ మిషన్ మీద టెంట్ హౌస్ మల్లేశం పరదాలు ఉతుకుతాను. ఈసారి వినాయకుడి పందిళ్లు విప్పేసరికి పరదాల నిండా గులాల్, బురద, పులిహోర నూనె. సరిగ్గా అప్పుడే మిషన్ మొరాయించింది. రోలర్లు తిరుగుతున్నాయి గానీ పిండటం లేదు. బట్టను ముద్దుపెట్టుకుని వదిలేస్తున్నాయి. మల్లేశం వచ్చి చూశాడు.

“అత్తమ్మా, దుర్గమ్మ పందిళ్లకు పరదాలు మల్లెపువ్వు లెక్క కావాలె. నీతోని కాకుంటె చెప్పు. హన్మకొండల కొత్త లాండ్రీ పడ్డది, ఆడ ఇస్త. ఒక్కపారి ఆడ ఇస్తే ఇగ ఎప్పటికి ఆడనే.”

మెకానిక్కులను పిలిచాను. ఒకడు తూకానికి అమ్మెయ్యమన్నాడు. రెండోవాడు ఆ తూకానికి తానే కొంటానన్నాడు. ఉల్లిగడ్డల డీసీఎం వ్యాన్ నడిపే యాదగిరి ఒక్కడే దారి చూపించాడు.

“చిన్నమ్మా, హైదరాబాదు గోపన్‌పల్లిల ఒక పిచ్చి సారున్నడు. రాయలసీమాయిన. ఆఫీసుల పెద్ద మేనేజరు. ఇంటికొస్తే పాత బట్టల మిషన్లు తప్ప ఇంకో లోకం లేదు.”

“పిచ్చోడైతే నాకేందిరా, బాగు చేస్తడా?”

“చేసుడైతే మస్తొస్తదట. చేస్తడో లేదో ఆయన ఇష్టం.”

ఈ రెండో మాట నేను సరిగా చెవిన పెట్టలేదు.

బీబీనగర్ దాటాక

బస్సులు బంద్. డీసీఎంలో ఉల్లిగడ్డ బస్తాలు, వాటి మీద మిషన్, మిషన్‌ను పట్టుకుని నేను. గీతలు పడకుండా దానికి ఒక గులాల్ పరదా చుట్టాను.

బీబీనగర్ దాటగానే బండ్లన్నీ ఆగాయి. నడిరోడ్డు మీద రాళ్ల పొయ్యిలు, గుండిగలు, పొగ. వంటా-వార్పు. చూడనివాళ్లకు చెబుతాను: తెలంగాణ కావాలని ఊరు ఊరంతా రోడ్డెక్కి, అక్కడే వండి, అక్కడే తిని, బండ్లను కదలనివ్వరు. ఆపినవాళ్లే మళ్లీ విస్తరి వేసి కూర్చోబెడతారు. మా వాడలో పెండ్లికి పిలుపు లేనిదే చారు కూడా దొరకదు, ఇక్కడ ఎవరని అడగకుండా వంకాయ కూర వేశారు. నా పక్కన ఒక తమిళ లారీ డ్రైవర్ మూడుసార్లు వడ్డించుకుని, లేచి నిలబడి “జై తెలంగాణ” అన్నాడు. అర్థమెంత తెలుసో గానీ గొంతు మాత్రం కంచు.

కూర్చోవడానికి పరదా విప్పి పరిచానా, బండి మీద మిషన్ బయటపడింది. ఎండ మండిపోతోంది. రుమాలు చుట్టిన ఒక నడివయసు మనిషి వచ్చి నిలబడ్డాడు.

“అవ్వా, గిలాసెంత?”

“ఏం గిలాస?”

“చెరుకు రసం.”

చూస్తే ఆయన వెనక పది మంది వరుస కట్టారు. రోలర్లు, పిడి చూసి చెరుకు రసం మిషన్ అనుకున్నారు.

“ఇది బట్టలు పిండేది నాయినా.”

“గది మాకు తెల్వదా? బందు రోజు అమ్మితె గడబడైతదని దాస్తున్నవ్. ఫికర్ జెయ్యకు, బందు చేసేటోళ్లమే తాగుతున్నం గద!”

పక్కన మూతబెట్టిన రసం బండి ఉంది. దాని తాటిపత్రి కింద నుంచి ఒక గడ లాగి, నేను విస్తరి ముందు నుంచి లేచేలోపే రోలర్ల మధ్య దూర్చి పిడి తిప్పేశాడు. బట్టను పట్టలేని రోలర్లు చెరుకును మాత్రం మొసలిలా పట్టాయి. కింది రోలర్ రబ్బరు పాము కుబుసంలా జర్రున ఊడివచ్చింది. గడ నుంచి చుక్క రాలేదు. నీళ్లు నా కండ్లలోంచే వచ్చాయి.

ఆయన వంగి వాసన చూశాడు. “అగో, సబ్బు వాసనొస్తుంది!”

నేనప్పుడు ఏమన్నానో టీచరమ్మ రాయనంటోంది. ఆయన రెండు చేతులూ జోడించి, “తప్పైంది తల్లీ, నీ కాలుమొక్త” అంటూ ఇంకో విస్తరి తెచ్చాడు. తిన్నాను. కోపం వేరు, వంకాయ వేరు.

గోపన్‌పల్లి

గోపన్‌పల్లి ఒకప్పుడు ఊరేనట. ఇప్పుడు అపార్ట్‌మెంట్ల సందుల్లో ఆ ఊరిని వెతుక్కోవాలి. మా దగ్గర మనిషి వస్తే “తిన్నవా?” అంటారు. ఇక్కడ గేటు దగ్గర పాలమూరు వాచ్‌మన్ “ఏ ఫ్లాటు?” అన్నాడు. “పాత మిషన్ల సారు” అన్నాను. ఆయన నుదురు కొట్టుకుని ఫోన్ చేశాడు.

ఓబులేసు సారు చెడ్డీ మీద, చెప్పులు లేకుండా పరుగెత్తుకొచ్చాడు. ఇంత మీసం, ఇంత పొట్ట. నా ముఖం చూడలేదు. మిషన్ చుట్టూ ప్రదక్షిణ చేసి తొట్టి మీద చెయ్యి వేశాడు.

“రాగి తొట్టి! యాడ దొరికిందమ్మా ఈ బంగారం?” అని, రోలర్ చూసి కుంగిపోయాడు. “ఈ పాపం ఎవురు చేసినారు?”

“చెరుకు గడ” అన్నాను. ఆయన అక్కడే నేల మీద కూర్చున్నాడు.

సెల్లార్‌లో ఆయన కారు పెట్టుకునే జాగా నిండా మిషన్లే. కారు బయట వానకు తడుస్తుంటే అవి లోపల దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి. అందులో ఒకటి నా మిషన్‌కు అక్కో చెల్లెలో, అచ్చు అదే రూపు, కాకపోతే అత్తగారింట్లో సుఖపడ్డ మొహం. ఆయన ఒక ఇనుప బీరువా తెరిచి నూలు గుడ్డలో చుట్టిన రోలర్ల జత బయటికి తీశాడు. బాలింత పిల్లను చూపించినట్టు గుడ్డ పక్కకు తొలగించి చూపించాడు. కొత్తవి. నల్లగా, నిగనిగలాడుతున్నాయి.

“ఈ జత మళ్లా పుట్టదమ్మా. ఇంతవరకు యాడా వాడలే.”

“మంచిగైంది సారూ, నా దానికి వెయ్యి.”

ఆయన వాటిని గుండెకు అదుముకున్నాడు. “వాడితే అరిగిపోవా?”

“వాడకపోతె ఎందుకవి?”

“ఉండడానికి.”

అప్పుడే మెట్లు దిగుతున్న ఆయన భార్య లక్ష్మీదేవి అందుకుంది. “మా ఇంట్లో అన్నీ ఉండడానికేనమ్మా. నేను గూడా.”

ఆమె ఎటువంటి మనిషో ఆ ఒక్క మాటతో తెలిసింది. బందుల్లో ఆడమనిషివి యాడికి పోతావని నన్ను పైన వాళ్లింట్లోనే ఉంచుకుంది. రాగి సంగటి ముద్ద, శనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టింది. మాకు జొన్నరొట్టె నమిలి అలవాటు. సంగటి నమలకూడదట, మింగాలట. నమిలితే ఆమె నవ్వింది, మింగితే నాకు పొలమారింది. మొత్తానికి మూడు ముద్దలు లోపలికి పోయాయి.

అద్దాల మేడల కింద

పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం ఆఫీసు తర్వాత సారు నా మిషన్ మీదే ఉన్నాడు. పండ్లు తోమే బ్రష్షుతో మూలమూలలు గీకుతుంటే నాకు ధైర్యం వచ్చింది. మూడో రోజు పిలిచి చూపించాడు. తొట్టిలో నా ముఖం కనిపిస్తోంది, మీసాల వెంట్రుకలతో సహా. ఊడిన రబ్బరును సన్నటి దారంతో ఉన్నచోటే కట్టి పెట్టాడు.

“పిండుతదా?” అన్నాను.

“పిండదు. చూడు ఎట్లా మెరుస్తాందో!”

“సారూ, పాతది పాతగనే ఉండాల్నంటె నా మోకాళ్లు గూడ నువ్వే ఉంచుకో.”

ఆయన నవ్వలేదు. “పాత రబ్బరు తీసేస్తే దాని పానం పోయినట్లేనమ్మా” అన్నాడు. ఎగతాళి కాదు, నిజంగానే అంటున్నాడు. అలాంటి మనిషిని తిట్టడం కూడా కష్టం.

నన్ను మెత్తబరచాలనుకున్నాడేమో, మరునాడు ఇద్దరు ఆడవాళ్లనూ కారెక్కించి హైటెక్ సిటీ చూపించాడు. అన్నీ అద్దాల మేడలు. నడుముకు తాడు కట్టుకుని గాల్లో వేలాడుతూ వాటిని తుడుస్తున్నారు. మా గౌడన్న అలాగే మోకు వేసుకుని తాటిచెట్టెక్కుతాడు, కానీ దిగేటప్పుడు లొట్టిలో కల్లుంటుంది. వీళ్లు ఉత్త బకెట్‌తో దిగుతున్నారు. కిందున్న ఆడామగా అందరి మెడల్లో తాడు, తాడుకు బిళ్ల. మా దగ్గర పుస్తెలతాడు కనిపిస్తే పెండ్లయిందని తెలుస్తుంది. ఇక్కడ బిళ్ల కనిపిస్తే నౌకరీ ఉందని తెలుస్తుందట.

కాఫీ తాగిద్దామని ఒక చల్లటి దుకాణంలోకి తీసుకుపోయాడు. ఒక కప్పు ధరకు మా దగ్గర నాటుకోడి వస్తుంది. పైన నురుగు, నురుగు మీద ఆకు బొమ్మ. నురుగు ఊది ఊది అడుగుకు పోతే చేదు. కోడి అయితే కనీసం పులుసన్నా మిగిలేది.

అప్పుడు సారు మెల్లగా అన్నాడు. “అమ్మా, నీ మిషన్ నా దగ్గర పెట్టు. దానికి బదులుగా కొత్త ఆటోమేటిక్ కొనిస్తా. మీట నొక్కితే చాలు.”

నాకు ఒక నిమిషం ఆశ పుట్టిందని దాచను. కానీ అంతలో దుకాణంలో కరెంటు పోయింది. సమ్మెలో బొగ్గు రాక అన్ని చోట్లా అదే గోస. చీకట్లో అన్నాను:

“మీట నొక్కుత సారూ, కరెంటెవలిస్తరు? అయినా పందిరి పరదా పొడుగెంత, ఆ కొత్త మిషన్ బొక్కెంత? ఏనుగును చెంబుల తానం చేయించినట్టుంటది.”

ఆ సాయంత్రమే మల్లేశం ఫోన్ చేశాడు. “అత్తమ్మా, ఇంక రెండు దినాలు చూస్త. రాకుంటె పరదాలు హన్మకొండ పోతయి. మల్ల నన్ననొద్దు.”

ఆదివారం, సెల్లార్‌లో

ఆదివారం పొద్దటికి ఆ అపార్ట్‌మెంట్ సంగతి చెబుతాను. ఇంటింటికీ కొత్త మిషన్ ఉంది, కరెంటు లేదు. ఇంటింటికీ పనమ్మాయి ఉంది, సమ్మెలో ఉంది. అంగట్లో అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటే ఇదే. పై అంతస్తు నుంచి కింది దాకా మాసిన బట్టల వాసన. సారుకు సోమవారానికి వేసుకోవడానికి చొక్కా లేదు.

అయినా ఆయన మిత్రులు వచ్చారు. ప్రతి ఆదివారం వస్తారట. మణికొండ నుంచి కిరణ్ అనే సన్నటి మనిషి, వెంట మరో ఇద్దరు. ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని మిషన్ల ముందు కచేరీకి కూర్చున్నట్టు కూర్చున్నారు. సారు తన రాగి మిషన్ దుప్పటి తీసి, తొట్టిలో క్యాను నీళ్లు పోశాడు, తాగేవి.

“నాకు బియ్యం కడగను నీళ్లు లేవు, నా సవితికి మినరల్ వాటరు!” అంది లక్ష్మీదేవి.

సారు వినలేదు. కర్ర పట్టి ఊపసాగాడు. ఉత్త నీళ్లలో తెడ్డు అటూ ఇటూ తిరుగుతోంది, గళగళా. బట్ట లేదు, సబ్బు లేదు. కిరణ్ కండ్లు మూసుకున్నాడు.

“ఆహా, గేరు సౌండు చూశారాండీ? ఇప్పటి మిషన్లకి ఇది ఎక్కడొస్తుందండీ!”

మా దగ్గర ఆవు ఈనుతున్నా ఇంత శ్రద్ధగా ఎవరూ చూడరు. వింటూ వింటూ నాకు ఒళ్లు మండింది. అవతల నా పరదాలు హన్మకొండ దారి పడుతున్నాయి, ఇవతల నలుగురు మగవాళ్లు ఉత్త నీళ్లు ఉతుకుతున్నారు. చేతిలో నా గులాల్ పరదా ఉంది. లేచిపోయి ఆ తొట్టిలో వేసేశాను.

“అయ్యయ్యో! నా మిషన్!” సారు అరుపు గేటు దాకా వినిపించిందని తర్వాత వాచ్‌మన్ చెప్పాడు.

లక్ష్మీదేవి తన చంకలో ఉన్న సబ్బు పొడి పొట్లం నా చేతిలో పెట్టింది. మా ఇంట్లో నేను వాడేది బట్టల సోడా, గుప్పెడు వేస్తేనే గానీ పని చేయదు. ఆ లెక్కన పొట్లమంతా కుమ్మరించి కర్ర అందుకున్నాను.

ఊపిన కాసేపటికే నురుగు లేచింది. తొట్టి దాటింది, కాళ్లు దాటింది, కిరణ్ బూట్లు ముంచింది, పక్కవాళ్ల కారు కిందికి పోయింది. నాకు భయమేసి చెయ్యి ఆపాను.

“ఆపొద్దు!” అన్నాడు సారు.

చూస్తే ఆయన నురుగులో మోకాళ్ల మీద కూర్చుని తొట్టికి చెవి ఆనించి ఉన్నాడు. మళ్లీ ఊపాను. అప్పుడు నేనూ విన్నాను. నేను రోజూ వినేదే, ఎన్నడూ పట్టించుకోనిదే. ఉత్త నీళ్లతో గళగళలాడిన మిషన్, బట్ట బరువు పడ్డాక గొంతు మార్చింది. దబ్... సర్ర్... దబ్... సర్ర్. ఆకలిగొన్న గేదె కుడితి తాగినట్టు.

“ఇన్నేండ్లుగా వింటాండా” అన్నాడు సారు, మీసం మీద నురుగుతో. “ఈ సద్దు ఒక్కనాడు వినలే గదప్పా!”

“మనం ఖాళీ కడుపుతో పాడిస్తున్నామండీ దాన్ని, ఇన్నాళ్లూ!” అన్నాడు కిరణ్, బూట్లలోంచి నీళ్లు పారబోసుకుంటూ.

పరదాను రోలర్ల మధ్య పెట్టి పిడి తిప్పాను. ఎర్రగా గులాల్ నీళ్లు దూకాయి. అవతలి వైపు పరదా చదునుగా, తెల్లగా వచ్చింది. ఎప్పుడు వచ్చి నిలబడ్డారో ఏమో, మెట్ల మీద ఆడవాళ్లు బకెట్లతో వరుస కట్టి ఉన్నారు. మొదటి బకెట్ లక్ష్మీదేవిదే. అందులో సారు చొక్కాలు.

సాయంత్రం దాకా ఉతికాం. నీళ్లు మాత్రం సంపులోవి, సబ్బు పొడి చెంచాడే. కారు ఓనరు పోట్లాడటానికి దిగి, రెండు ప్యాంట్లు పిండించుకుని పైకి పోయాడు.

చివర్లో సారు నా మిషన్ రోలర్ల పెట్టె విప్పాడు. లోపల చూసి పకపకా నవ్వాడు.

“అమ్మా, ఈ స్ప్రింగు ఎవురు బిగించినారు?”

“మా ఆయన.”

“తలకిందులుగా పెట్టినాడు. దీనికి పట్టు రావాలంటే మనిషి రెట్టింపు బలంతో తిప్పాల.”

ఆలోచించండి. ఆయన బతికున్నన్నాళ్లూ, పోయాక ఇన్నేండ్లూ నా భుజాలు పడిపోయేలా తిప్పింది అందుకన్నమాట. పోయిన మనిషిని ఏమీ అనకూడదు. అయినా అన్నాను.

సారు స్ప్రింగు సరిగా తిప్పిపెట్టాడు. తర్వాత బీరువా దగ్గరికి పోయి చాలాసేపు అటు తిరిగి నిలబడ్డాడు. లక్ష్మీదేవి నా చెయ్యి పట్టుకుంది. ఆయన తిరిగాడు, చేతిలో నూలు గుడ్డ.

“అరిగిపోతాయి” అన్నాడు.

“అరుగుతయి సారూ” అన్నాను. అబద్ధమెందుకు చెప్పాలి?

“అయితే ఒక షరతు. తొలి ఉతుకు నేను వినాల. పెద్ద పరదాలు, నిండు తొట్టి.”

తిరుగు దారి

అలా వచ్చేటప్పుడు యాదగిరి బండిలో ముగ్గురమయ్యాం, మిషన్‌తో నలుగురం. సారు ఒడిలో ఆఫీసు కంప్యూటర్ సంచి. దారి పొడుగునా నన్ను ఒకటే అడిగాడు.

“తెలంగాణ వస్తే మేం యాడికి పోవాల్నమ్మా?”

“యాడికి పోతవు సారూ? గోపన్‌పల్లికే. నీ మిషన్లు మోసేటోడెవడు?”

ఘట్‌కేసర్ దగ్గర మళ్లీ వంటా-వార్పు. మీసం చూసి, మాట విని, “ఏ ఊరు సారూ మీది?” అని నలుగురు చుట్టుముట్టారు. సారు ముఖం పాలిపోయింది. “మా మిషన్ బాగుచేసిన మేస్త్రి” అన్నాను. మేస్త్రి అనేసరికి వంట మేస్త్రి అనుకున్నారేమో, చేతిలో గరిట పెట్టారు. గుండిగెడు పప్పుచారు ఆయనే కలిపాడు, చెమటలు కారుతూ. తిన్నవాళ్లు మాత్రం కారం తక్కువైందన్నారు. కారం తక్కువన్న మాటకు రాయలసీమ మనిషికి వచ్చిన కోపం, అంతకుముందు దేనికీ రాలేదు.

జనగామ

మల్లేశం పరదాల మూటలను ఆటోలో ఎక్కిస్తుండగా చేరుకున్నాం. హన్మకొండ ఆటో. నేను బండి దిగకుండానే అరిచాను. మూటలు దించి నా వాకిట్లో పడేసి, “రేపు సాయంత్రం, అంతే” అని పోయాడు.

నేను నీళ్లు నింపాను, పరదాలు వేశాను. సారు కుర్చీ అడిగి తెచ్చుకుని, తొట్టి పక్కన వేసుకుని, కండ్లు మూసుకుని కూర్చున్నాడు.

“కూసొని ఏం వింటవు సారూ? లెవ్. తిప్పుకుంట విను.”

లేచాడు. నేను కర్ర ఊపితే ఆయన పిడి తిప్పాడు. కొత్త రోలర్లు, సరైన స్ప్రింగు. పరదా అటు పెడితే ఇటు కాగితంలా వస్తోంది. మొదటి పరదాకు ఆయన “ఆహా” అన్నాడు. నాలుగో పరదాకు “అబ్బా” అన్నాడు. పదో పరదాకు అరచేతులు చూసుకున్నాడు. బొబ్బలు. వాటికి నెయ్యి రాసి, గుడ్డ చుట్టి, మళ్లీ తిప్పించాను.

మరునాడు మల్లేశం వచ్చేసరికి తీగల మీద తెల్లటి పరదాలు రెపరెపలాడుతున్నాయి. ఒక్క దాని మీద గులాల్ చుక్క లేదు. తడిమి తడిమి చూసి, ఆఖరి పరదా తిప్పుతున్న సారు వైపు చెయ్యి చూపించాడు.

“ఇగ ఎప్పటికి నీకే అత్తమ్మా. గీయనెవరు, కొత్త జీతగాడా? మస్తు తిప్పుతుండు!”

నేను జవాబు చెప్పేలోపే సారు జేబులో ఫోన్ మోగింది. ఆఫీసు. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించి, పిడి మాత్రం వదలకుండా మాట్లాడాడు. వెనక ఏమిటా చప్పుడని అడిగినట్టున్నారు.

“మా సైడు బందులు గదా సార్, రోడ్ల మీదికి రాలేకుండా ఉన్నా. ఇంటి నుంచే పని చేస్తాండా” అన్నాడు.

ఎవరింటి నుంచో వాళ్లు అడగలేదు.